కావలివాడి మాటలో అచ్చుతప్పు

ప్రెస్సులో అందరూ ఆమెను కామా అక్క అనేవాళ్ళు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ ప్రూఫులు దిద్దుతోంది. పాఠ్యపుస్తకాలు కానీ, మందుల పెట్టెల్లో పెట్టే చీటీలు కానీ, ఆమె కళ్ళు దాటాకే మిషన్ ఎక్కేవి. ఒకసారి ఒక్క కామా కోసం నడుస్తున్న మిషన్ ఆపించింది. అప్పుడు పడింది ఆ పేరు. ఆమెకూ అది ఇష్టమే.

ఆ ప్రెస్సుకి జపాన్ నుంచి కొత్త మిషన్ వచ్చింది. దాని రోలర్ల పక్కన ఎర్రటి చీటీ, దాని మీద రెండు వరుసల అక్షరాలు.

"ఇక్కడేం రాసుంది?" అని మిషన్ నడిపే అతన్ని అడిగింది.

"ఎర్రగా ఉంది కదక్కా, ఏదో ప్రమాదమని రాసుంటారు."

"ఏదో అంటే?"

అతను భుజాలెగరేసి నూనె డబ్బా అందుకున్నాడు. కామా అక్కకి మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు. తను పనిచేసే చోట, కళ్ళెదురుగా, తను చదవలేని అచ్చు! పదిహేను రోజులు ఓపిక పట్టి, ఆ తర్వాత వెళ్ళి శనివారం సాయంత్రాలు జరిగే జపనీస్ క్లాసులో చేరిపోయింది. పాఠం చెప్పే టీచరమ్మ ఒకప్పుడు దుబాసీగా పనిచేసినావిడ. మూడు నెలలకి కామా అక్క ఆ చీటీ చదివేసింది. 'ఇక్కడ చెయ్యి పెట్టకండి' అని ఉంది.

మిషన్ అతనికి చెబితే, "వచ్చిన రోజు నుంచీ మేం పెట్టట్లేదుగా అక్కా" అన్నాడు.

అక్కడితో ఆగొచ్చు. కానీ ఆగబుద్ధి కాలేదు. జపనీస్ వాక్యంలో క్రియ చివర వస్తుంది, మనకు లాగే. 'లేదు', 'కాదు' అన్నవి కూడా చివరికే వస్తాయి. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు, కొత్త ఊళ్ళో దూరపు చుట్టం కనిపించినంత సంబరపడింది. రెండేళ్ళు గడిచేసరికి పాఠాలు చప్పబడ్డాయి. "పాఠాలు చాలండీ. చివరిదాకా చదవాలనిపించేది ఏదైనా పట్టుకోండి" అంది టీచరమ్మ. పిల్లల కథలు రెండు తెచ్చుకుంది కానీ, కుందేలు ఎటు పోతే నాకేంటి అనిపించింది.

దారి చూపించింది ఆడపడుచు. వాళ్ళింట్లోనే ఉంటుంది. ఆస్పత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం. అందరూ వెతికి వదిలేసిన నరాన్ని కూడా ఒక్క పోటులో పట్టేస్తుందని పేరు. పని నుంచి వచ్చాక టీవీకి గేమ్ పెట్టె తగిలించుకుని కూర్చోవడం ఒక్కటే ఆమె సరదా.

"వదినా, నా కొత్త గేమ్‌లో భాష మార్చుకోవచ్చట. జపనీస్ కూడా ఉంది. కథ చాలా పెద్దదంటున్నారు."

"నాకు ఆ బొత్తాలు నొక్కడం రాదు కదా."

"కొట్లాటలు నేను చూసుకుంటాను. నువ్వు చదువు."

అలా కుదిరింది ఒప్పందం. రాజముద్ర వేసిన ఒక ఉత్తరాన్ని ఏడు కోటలు దాటించి, ఏడో కోటలో ఉన్న రాణి చేతికివ్వాల్సిన ఒక పిల్ల కథ అది. దారి పొడుగునా దొంగలూ, మృగాలూ, ప్రశ్నలడిగే ముసలాళ్ళూ. మొదటి రోజు, మొదటి కోట దగ్గర తలుపువాడు చెప్పిన నాలుగు వాక్యాలకి గంటన్నర పట్టింది. కామా అక్క ఒడిలో నోటుపుస్తకం, పక్కన నిఘంటువు. ఆడపడుచు చేతిలో రిమోటు పట్టుకుని బస్సు కోసం చూసినట్టు చూస్తూ కూర్చుంది.

"వదినా, వాడేమంటే మనకెందుకు? తలుపు తీస్తాడా, తీయడా?"

"తీస్తాడు. కానీ వాళ్ళావిడ గురించి ఏదో చెబుతున్నాడు, ఉండు."

కామా అక్క ఏదీ వదిలేది కాదు. దుకాణాల బోర్డులు, బావి మీద చెక్కిన అక్షరాలు, సమాధుల మీది పేర్లు, అన్నీ. రోజూ సాయంత్రం గంట, ఆదివారం పొద్దున్న రెండు గంటలు. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆదివారం వాళ్ళ వెనకే నిలబడి బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ, ఆ శబ్దాలు వింటూ ఉండేవాడు. ఒక్క ప్రశ్న కూడా వేసేవాడు కాదు.

రెండో కోట దగ్గర పెద్ద దెబ్బ తగిలింది. ఉత్తరం మోసే పిల్లకి ఒక గుర్రం ఉంది. సత్రం యజమాని ఆ గుర్రాన్ని చూసి ఏదో అడిగాడు. అందులో ఒక మాటకి నిఘంటువులో 'చూసుకోవడం' అని కనపడింది. "పాపం, మన గుర్రాన్ని చూసుకుంటానంటున్నాడు. మంచివాడే. సరేనను" అంది. ఆడపడుచు సరే నొక్కింది. పొద్దున్నే లేచి చూస్తే గుర్రమూ లేదు, యజమానీ లేడు. అతనడిగింది 'ఈ గుర్రాన్ని నేను తీసుకుంటే మీకేం ఫర్వాలేదు కదా' అని. ఆ మాటకి 'ఫర్వాలేదు' అన్న రెండో అర్థం నిఘంటువులో పేజీ తిప్పాక ఉంది.

ఎంతో కష్టపడి పట్టి, మచ్చిక చేసుకున్న గుర్రం అది. ఆడపడుచు రెండు రోజులు వదినతో మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా అన్నయ్యనే అడిగింది. మూడో రోజు తనే వచ్చి, "పద, నడుద్దాం" అని రిమోటు అందుకుంది. మూడు కోటలు నడిచే దాటారు.

ఎనిమిది నెలలు గడిచేసరికి నిఘంటువు తెరవడం తగ్గింది. ముసలాళ్ళు వెక్కిరిస్తుంటే వెక్కిరింతని తెలిసేది. ఒక జోక్‌కి ఆమె పకపకా నవ్వితే ఆడపడుచు రిమోటు వదిలేసి, "ఏంటి, ఏంటి, నాకూ చెప్పు" అని భుజం కుదిపింది. చెప్పాక నవ్వు రాలేదు. అది ఆ భాషలోనే నవ్వొచ్చే జోక్.

ఆరో కోట ద్వారం దగ్గర చదువు ఆగిపోయింది. కావలివాడు ఒకడు ఆ పిల్లని చూసి ఒక వాక్యం అంటాడు. మాటలన్నీ తెలిసినవే. కలిపితే అర్థం లేదు. 'నువ్వు, అనుకోనిది, ఎవరూ రాలేదు.' మూడు రోజులు దాంతోనే కుస్తీ పట్టింది. వ్యాకరణం పుస్తకం మొదటి నుంచీ తిరగేసింది. భాష వచ్చేసిందని మురిసిపోయినందుకు బాగా అయింది అని తనని తానే తిట్టుకుంది.

"వదినా, ఒక్క మాట వదిలేస్తే కొంపలు మునగవు."

"నాకు మునుగుతాయి."

శనివారం ఆ తెరని ఫోటో తీసి టీచరమ్మకి చూపించింది. ఆవిడ కళ్ళద్దాలు పైకి నెట్టి, ఒకసారి చదివి, మళ్ళీ చదివి, నవ్వేసింది.

"మీరు సరిగ్గానే చదివారు. వాళ్ళే తప్పు రాశారు."

'ఇగాయ్' అని పలికే మాటలు రెండున్నాయట. ఒకదానికి 'తప్ప' అని అర్థం, రెండోదానికి 'అనుకోనిది' అని. పలకడం ఒక్కటే, మొదటి అక్షరం వేరు. కావలివాడు అనాల్సింది 'నువ్వు తప్ప ఎవరూ రాలేదు' అని. అక్కడ పడింది రెండో ఇగాయ్.

"అంటే... అచ్చుతప్పా?"

"అచ్చుతప్పే."

కామా అక్క కుర్చీలో వెనక్కి వాలింది. క్లాసులో మిగతావాళ్ళు ఏదో వల్లిస్తున్నారు. ఆమెకి వినపడలేదు. పరీక్షలు పాసైనప్పుడు కూడా ఇంత సంతోషం కలగలేదు. పరాయి భాషలో తన కన్ను తన పని చేసింది. ఇంటికి నడిచే వెళ్ళింది, దారంతా తనలో తను నవ్వుకుంటూ. తలుపు తీసిన ఆడపడుచు, "ఏమైంది, లాటరీ తగిలిందా?" అంది. విషయం విని, "అయితే వాడి తప్పుకి మనం మూడు రోజులు కూర్చున్నామా?" అని తెర వైపు గుడ్లురిమి చూసింది.

ఆ వారమే గేమ్ తయారుచేసిన వాళ్ళకి జపనీస్‌లో ఒక ఉత్తరం రాసి పెట్టుకుంది. ఎన్నో కోట, ఎవరి మాట, ఏ అక్షరం, ఉండాల్సిందేమిటి. ఆట పూర్తయ్యాక పంపుదామని పక్కన పెట్టింది.

పదో నెలలో ఒక ఆదివారం పొద్దున్న పూర్తయింది. ఏడో కోటలో ఆఖరి పోరు నలభై నిమిషాలు సాగింది. ఆడపడుచు రెండుసార్లు ఓడిపోయి, బొటనవేలు నొక్కుకుని, మూడోసారి గెలిచి, సోఫాలో వెల్లకిలా పడింది. "ఇక నీ వంతు. చదువుకో." ఆ పిల్ల ఉత్తరం ఇచ్చింది. రాణి విప్పి చదివింది. అది నాలుగు తెరల ఉత్తరం. కామా అక్క నోటుపుస్తకం మూసేసి, పెన్ను టీపాయ్ మీద పెట్టి, ఆగకుండా చదివింది. మూడో తెర దగ్గర కళ్ళు తుడుచుకుంది.

తర్వాత పనిచేసిన వాళ్ళ పేర్లు మొదలయ్యాయి. బొమ్మలు గీసినవాళ్ళు వందమంది, సంగీతం వాయించినవాళ్ళు ఇంకెంతో మంది. ఆడపడుచు లేవబోతే, "ఉండు, అయిపోలేదు" అంది. ఎక్కడో చివర, రెండక్షరాల మాట కనపడింది. ప్రూఫ్ దిద్దడం. దాని కింద ఒకే ఒక్క పేరు.

ఒక్కరు! పది నెలల పాటు తను చదివిన ఆ సముద్రమంతా ఒక్క మనిషి దిద్దారు. అందులో తనకి కనపడింది ఒక్క తప్పు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తనకి వచ్చిన ఉత్తరాలన్నీ గుర్తొచ్చాయి. అన్నీ తప్పుల గురించే. సరిగ్గా ఉందని ఒక్కరూ రాయలేదు.

రాసి పెట్టిన ఉత్తరం తీసి, ఆ పేరు పైన పెట్టి, మళ్ళీ రాసింది. ఇంత కథలో ఒక్క తప్పు మాత్రమే ఉన్నందుకు నమస్కారాలు, నేనూ ఇదే పని చేస్తాను, అని. ఎన్నో కోటో, ఏ అక్షరమో కూడా కింద రాసింది. అది రాయకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు.

మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. భర్త కూర వడ్డించుకుంటూ, పది నెలల్లో మొదటిసారి అడిగాడు.

"ఇంతకీ కథేంటి?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మొదటి కోట, వంతెన, వాళ్ళావిడ గురించి చెప్పిన తలుపువాడు, అన్నీ తెలుగులో గలగలా వచ్చేస్తున్నాయి. ఎక్కడా మాట కోసం తడుముకోలేదు. పళ్ళేల్లో అన్నం చల్లారిపోయింది.

"ఆగాగు" అంది ఆడపడుచు. "ఆ సత్రం వాడు దొంగ కదా?"

"దొంగేంటి? జబ్బుపడ్డ కూతురి దగ్గరికి వెళ్ళడానికి తీసుకెళ్ళాడు. నాలుగో కోటలో ఆ కూతురే కదా మనకి దారి చూపించింది!"

"ఆ అమ్మాయి వాడి కూతురా? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. నువ్వు తోడేలుని కొడుతున్నావు."

భర్త నవ్వుతూ పెరుగు గిన్నె జరిపాడు. "మరి రాణి ఉత్తరంలో ఏముంది?"

"చెబుతానుండండి, ఇంకా మూడో కోటలోనే ఉన్నాం" అంది కామా అక్క, చల్లారిన అన్నం కలుపుకుంటూ.