అక్క మార్చిన పొట్లాలు

ఒకే ఇంటి నుంచి ఇద్దర్ని పరిశోధనలోకి తీసుకోవద్దని మా డాక్టరు గారికి మొదట్లోనే చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నర్సు మాట ఎవరు వింటారు? ఇద్దరూ అక్కాచెల్లెళ్ళు, ఇద్దరికీ తల్లి నుంచి వచ్చిన కిడ్నీ జబ్బే, ఇంతకన్నా మంచి జోడీ దొరకదన్నారాయన.

సోయా గింజల్లోంచి తీసిన ఒక పదార్థం కిడ్నీలు చెడిపోవడాన్ని నెమ్మదింపజేస్తుందా లేదా అని చూడటం మా పని. సగం మందికి అది కలిపిన పొడి ఇస్తాం, మిగతా సగం మందికి ఉత్త పిండి. ఎవరికి ఏది వచ్చిందో వాళ్ళకీ తెలియదు, పొట్లాలు పంచే నాకూ తెలియదు. రంగు ఒకటే, రుచి ఒకటే. రోజూ పొద్దున ఒక పొట్లం నీళ్ళలో కలుపుకుని తాగాలి.

అక్క పిండిమరలో పనిచేస్తుంది. చెల్లెలు చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుడుతుంది. వాళ్ళమ్మ మూడేళ్ళు డయాలసిస్ మిషను మీద ఉండి పోయింది. మొదటి రోజే అక్క నన్ను పక్కకి పిలిచి, "నాకేమైనా పరవాలేదు సిస్టరమ్మా, దీన్ని మాత్రం ఆ మిషను దాకా పోనివ్వకండి" అంది. నాకు కళ్ళు చెమర్చాయి. నిజానికి అప్పుడే అనుమానించాల్సింది.

మూడో నెల రక్తపరీక్షలయ్యాక పెద్దాఫీసు నుంచి ఫోనొచ్చింది. ఎవరికి ఏది వెళ్ళిందో తెలిసింది వాళ్ళకే. సోయా అందాల్సింది ఒకరికే, ఇద్దరి రక్తంలోనూ కనిపిస్తోందట. పొట్లాలు నువ్వేమైనా తారుమారు చేశావా అని అడిగారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రిజిస్టరు రెండుసార్లు సరిచూసుకుని ఇద్దర్నీ పిలిపించాను.

అడగ్గానే అక్క ఒప్పేసుకుంది.

"నేనే మార్చాను. నా పొట్లం దానికిచ్చి, దానిది నేను తీసుకున్నాను."

"ఏది ఏదో నీకెలా తెలిసింది?"

"పాతికేళ్ళుగా పిండి పడుతున్నా సిస్టరమ్మా. రెండు వేళ్ళ మధ్య నలిపితే తెలీదా? మందేమో నాకొచ్చింది, దానికి ఉత్త పిండి. చూస్తూ ఊరుకోమంటారా?"

పెద్ద చదువులవాళ్ళు వేసిన ముడిని రెండు వేళ్ళతో విప్పేసింది మహాతల్లి. అయినా నా కోపం ఆగలేదు.

"అది మందని నీకెవరు చెప్పారు? మేలు చేస్తుందో కీడు చేస్తుందో మాకే తెలీదు. తెలుసుకోడానికేగా ఈ తంటాలన్నీ!"

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. "కీడు కూడా చేయొచ్చా?" అంది. తన వేళ్ళకేసి చూసుకుంది. "నా చేత్తో నేనే దానికి..." అని ఆగిపోయింది. నా నోటిదురుసుకి నన్ను నేనే తిట్టుకున్నాను. గబగబా రిపోర్టులు తీసి చూపించాను. ఇద్దరి కిడ్నీలూ మొదట్లో ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మూడు నెలల్లో ఏమీ తేలదని నచ్చజెప్పాను.

అప్పుడు తట్టింది నాకు. పొట్లాలు మారితే సోయా అంతా చెల్లెలికే పోవాలి. మరి అక్క రక్తంలోకి ఎలా వచ్చినట్టు?

అదే అడిగాను. చెల్లెలు తల దించుకుంది.

"పొద్దున నీళ్ళు కలిపేది నేనేగా. నా పొట్లంలో సగం రోజూ అక్క గ్లాసులో వేసేదాన్ని. ఏది మందో నాకు తెలీదు. ఒకవేళ నాదే అయితే? అక్క పోయాక నేనొక్కదాన్నే బాగుండి ఏం చేసుకోను?"

రూలు ప్రకారం ఇద్దర్నీ పరిశోధన నుంచి తీసేయాలి. కాగితం ముందు పెట్టుకున్నాను గానీ పెన్ను కదల్లేదు. అక్క చెల్లెల్ని చెడామడా తిడుతుందనుకున్నాను. ఆమె మాత్రం గుండెల మీద చెయ్యి వేసుకుని గట్టిగా ఊపిరి వదిలింది.

"హమ్మయ్య. అయితే కీడైనా నీలోకి సగమే పోయిందన్నమాట."

"మిగతా సగం నీలోకేగా పోయింది!" అంటూ చెల్లెలు బావురుమంది.