ఎస్తేరు అతికించిన బోర్డు

నేను ఒక సర్క్యూట్ బోర్డుని, అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదాన్ని. నాకు కోపం ఎక్కువ. ఎందుకో వినండి.

కుషాయిగూడలోని ఒక చిన్న కంపెనీలో నన్ను చేసింది ఎస్తేరు. పసిపిల్లలకు సెలైన్ ఎక్కించే పంపులో గాలి బుడగ కనబడగానే మోగాల్సిన అలారాన్ని నేను. మొదటి నమూనాని కాబట్టి నన్ను చేసింది యంత్రం కాదు, ఆమె చేతులే. భూతద్దం కింద, ట్వీజర్ కొసతో నువ్వుగింజంత భాగాలను పట్టి, ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే అతికించింది. ఒకసారి తుమ్మితే మూడు రెసిస్టర్లు ఎగిరిపోయాయి. నేల మీద పాకుతూ వెతుక్కుని, తనను తానే తిట్టుకుంది.

పని పూర్తయ్యాక మేనేజర్ చక్రపాణి వచ్చి, చిప్ పక్కనున్న ఒక కెపాసిటర్‌ని పీకేయమన్నాడు. తన డ్రాయింగులో అది లేదట.

"అది ఉండాలె సార్. పంపు తిరగంగనే కరెంటు తగ్గి చిప్ ఆగిపోతది. అలారం మోగదు."

"అతికించడం నీ పని. ఆలోచించడం నాది."

ఆమె పీకింది. అతుకులు కరిగించే సోల్డరింగ్ కడ్డీ మొనకన్నా ఆ మాటే నన్ను ఎక్కువ కాల్చింది.

మర్నాడు ఒక పిల్లల డాక్టరమ్మ చూడటానికి వచ్చింది. గొట్టంలోకి బుడగ వదిలారు. పంపు తిరిగింది. నా నోరు పెగల్లేదు.

"చేతి పని కదండీ, ఈమె చెయ్యి వణికుంటుంది," అన్నాడు చక్రపాణి, తడుముకోకుండా. అబద్ధాలకోరు!

ఎస్తేరు ట్వీజర్ తీసింది. నన్ను అందుకుని, అందరి ముందే ఆ కెపాసిటర్‌ని తిరిగి అతికించింది. చెయ్యి వెంట్రుకవాసి కదల్లేదు. మళ్లీ బుడగ వదిలారు. గది అదిరేలా అరిచాను నేను.

"ఎవరిదీ డిజైన్?" అంది డాక్టరమ్మ, ముఖం వెలిగిపోతూ.

"నాదేనండి," అన్నాడాయన.

వారం తిరక్కుండా నన్ను రిసెప్షన్‌లో అద్దాల పెట్టెలో పెట్టారు. కింద ఇత్తడి రేకు మీద 'రూపకర్త: చక్రపాణి' అని చెక్కించారు.

"నా పేరు గూడ రాయండి సార్," అంది ఎస్తేరు.

"ఇంత చిన్నదానికా?" అని నవ్వాడు.

ఆ సాయంత్రమే ఆమె ఉద్యోగం మానేసింది.

ఆసుపత్రివాళ్లు పరీక్షకు ఇంకో ఐదు బోర్డులు అడిగారు. చక్రపాణి తానే కూర్చుని రెండు చిప్‌లు మాడ్చాడు. చివరికి నా ఎదురుగానే నిలబడి ఫోన్ చేశాడు. "ఎస్తేరమ్మా, ఒక్కసారి రావాలమ్మా." అంత మర్యాద ఆయన నోట నేనెన్నడూ వినలేదు.

"పేరు రాసినంక చెప్పండి సార్, వస్త," అంది ఆమె.

ఫోన్ పెట్టేశాడు. మూడు నెలలైంది. ఈ రేకు మీద మూడక్షరాలు చెక్కించడానికి ఆ పెద్దమనిషికి చెయ్యి రావడం లేదు. అక్కడ ఆసుపత్రిలో పసిపిల్లల పంపులు అలారం లేకుండానే తిరుగుతున్నాయి.