రెండో ఉతుక్కీ పోని కల

ఓజుర్గెతి అనే ఊళ్ళో దారేజాన్ నడిపే లాండ్రీకి పొద్దున్నే అతిథి గృహాల దుప్పట్లు మూటలుగా వచ్చేవి. పడుకున్నవాళ్ళ కలలు వాటి మీద మరకల్లా అంటుకుని ఉండేవి. మామూలు కలలు ఒక్క ఉతుక్కే పోయేవి. పీడకలలకైతే సోడా కాస్త ఎక్కువ పట్టేది.

అక్కడ పనిచేసే ఐదుగురు ఆడవాళ్ళూ మతి సరిగా లేదని చెప్పి ఒకప్పుడు హోమ్‌లో పడేసినవాళ్ళే. సోవియట్ కాలం నాటి హోమ్ అది; పసిపిల్లల్ని కూడా అందులోనే వదిలేసేవాళ్ళు. అలాంటివాళ్ళని బయటికి తెచ్చి పని చూపించమని పాత ప్రభుత్వం అంటే, దారేజాన్ ఈ లాండ్రీ పెట్టింది. కొత్త మంత్రి వచ్చి మాట మార్చాడు. ఇలాంటివన్నీ మూసేసి మనుషుల్ని మళ్ళీ హోమ్‌కే చేర్చమన్నాడు. ఆ పని మీద ఇర్మా అనే అధికారిణి రాజధాని నుంచి వచ్చి, ముందురోజే ఊళ్ళో ఒక అతిథి గృహంలో దిగింది.

"వాళ్ళే లైటార్పేసి పడుకోమనే ఆ చోటికి నన్ను మళ్ళీ పంపితే ఆ బాయిలర్లో దూకేస్తా," అంది నానూలి.

"ముందు ఆ దుప్పటి పిండవే తల్లీ. దూకడం సంగతి తర్వాత చూద్దాం," అంది దారేజాన్.

"రెండుసార్లు ఉతికానక్కా, పోవట్లేదు."

దుప్పటి మీద ఇనప మంచం, దాని మీద గుండు చేసిన పసివాడు. వాడి ఎడం చెవి ఆకులా మడతపడి ఉంది.

"ఈ చెవి చూస్తే వీడు హోమ్‌లో ఉండే మా గొచాలా లేడూ!" అంటూ నానూలి దాన్ని తీగ మీద ఆరేసింది.

అంతలో బయట వ్యాన్ ఆగింది. ఇర్మా గుమ్మంలోనే నిలబడి, "సామాన్లు సర్దుకోండి," అంది. ఆ తర్వాత ఆమె చూపు తీగ మీద పడింది.

"అది... నా గదిలోది."

"మరక మొండిదండీ. ఇంకోసారి సోడా వేస్తా," అంది నానూలి.

"వద్దు!" ఇర్మా దుప్పటికి అడ్డంగా నిలబడింది. "వాడు నా తమ్ముడు. పసితనంలోనే పోయాడని చెప్పింది మా అమ్మ."

"ఎవరు, గొచానా?" అంది నానూలి. "మొన్న ఈస్టర్‌కి హోమ్‌లో చూడ్డానికి వెళ్తే, రంగు గుడ్లు ఢీకొట్టే పందెంలో నన్ను ఓడించాడు, దొంగ వెధవ!"

"మేడమ్, ఐదుగుర్నీ ఎక్కించమంటారా?" అని డ్రైవర్ కేకేశాడు.

"ఒక్కర్నే. వాణ్ణి చూపించడానికి," అంటూ ఇర్మా నానూలి వైపు చూసింది.

నానూలి గుమ్మం పట్టుకుంది. "మళ్ళీ తీసుకొస్తారా నన్ను?"

ఇర్మా ఆమె చెయ్యి పట్టుకుంది. వ్యాన్ ఎక్కాక కూడా వదల్లేదు.

పొద్దు వాలుతుండగా వాళ్ళు తిరిగొచ్చారు. "మూయించను సార్. నా ఉద్యోగం పోతే పోనివ్వండి," అని ఇర్మా ఫోన్లో అంటోంది. ఆమె వెనకే దిగిన, ఎడం చెవి మడతపడ్డ నలభై ఏళ్ళ మనిషి లోపలికి అడుగుపెట్టి, గోడ మీది స్విచ్ కేసి చాలాసేపు చూశాడు.

"ఇక్కడ లైటు ఎవరార్పుతారు?"

"మనమే," అంది నానూలి. "నిద్రొచ్చినప్పుడు."