కల్లం మూలన రాయి

మల్లేశ్వరికి ఒక అనుమానం వచ్చిందంటే అది తేలేదాకా అన్నం సహించదు. పండుమిరపకాయ ఎండేటప్పుడు తొడిమ ముందు ఎండుతుందా, తోలు ముందు ఎండుతుందా అని ఒక రోజంతా కల్లంలో కాపలా కూర్చున్న మనిషి ఆమె. అలాంటి ఆమె కల్లంలో రాయి మాయమైతే ఊరుకుంటుందా?

ఆ రాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చెప్పాలి. అది రెండువేల నాలుగు వేసవి. సాగర్ నిండక కాలవకు నీళ్లు వదల్లేదు. ఎండలు ఏటేటా ముందుకు జరుగుతున్నాయి, వానలు వెనక్కి పోతున్నాయి. ఊరికి ఆనుకుని ఉన్న నల్లచెరువు చిన్నాచితకా చెరువు కాదు, అవతలి గట్టు మీద మనిషి ఆడో మగో కూడా ఆనదు. అంతటి చెరువూ నోరు తెరిచి, నడిమధ్య ఉన్న మడుగు అడుగుతో సహా బయటపడింది. ఆ మడుగు అడుగు చూసినవాళ్లు అప్పటిదాకా ఊళ్లో ఎవరూ లేరు.

చెరువు ఎండితే పూడికమట్టి తోలుకుని చేలల్లో చల్లుకోవడం అక్కడి ఆనవాయితీ. మడుగుమట్టి మామూలు మట్టి కాదు, కాటుక. ఇంటికో వంతు చొప్పున తవ్వుకుంటున్నారు. మల్లేశ్వరి చేను సత్తువ చచ్చి తెల్లబోయింది. పోయినేడు తొలకరి పడిందని సంబరంగా పత్తి గింజ పెడితే, ఆ తర్వాత చుక్క రాలక గింజ నేలలోనే మాడిపోయింది. తేమ పట్టుకునే ఈ మట్టి పడితే తప్ప ఆ చేను మళ్లీ కోలుకోదని ఆమె దిగులు. ట్రాక్టరు తోలే కోటేష్ ఆమెకు వరసకు మేనల్లుడు. అత్త గొడవ పడలేక, వంతు రాకముందే ఒక ట్రక్కు మట్టి తెచ్చి కల్లం పక్కన పోశాడు. ఆ మట్టిలో గుండ్రంగా, నున్నగా, పట్టుకోవడానికి వీలైన రాళ్లు దొరికాయి. ఎండుమిరప మీద కప్పిన పట్టా ఎగిరిపోకుండా మల్లేశ్వరి వాటిని మూలమూలనా పెట్టింది.

ఆమె వంతు తెల్లారితే వస్తుందనగా, సాయంత్రం వేళ కానికాలపు వాన ఒకటి దబదబా కురిసి పోయింది. ఉదయాన్నే కల్లానికి వచ్చి చూస్తే ఒక మూల పట్టా లేచిపోయి ఉంది. ఆ మూలనున్న కాయలు నానిపోయాయి. అవి ఇక తాలు కిందే లెక్క. అక్కడ పెట్టిన రాయి లేదు.

పక్క కల్లం యలమందయ్యది. వాళ్లిద్దరికీ గట్టు తగాదా ఎప్పుడూ ఉండేదే.

"ఏం బాబాయ్, నీకు ఊళ్లో రాళ్లే కరువయ్యాయా? నా రాయే కావాల్సొచ్చిందా?"

"నీ రాయి నాకెందుకే? నాకూ దొరికాయి మడుగు రాళ్లు. కావాలంటే వచ్చి లెక్కపెట్టుకో!"

నిజమే, అతని పట్టా చుట్టూ అలాంటి రాళ్లే ఉన్నాయి. ఇంకో రెండు మాటలు అనబోతూ మల్లేశ్వరి ఆగిపోయింది. తడినేల మీద ఏదో ఈడ్చుకుపోయినట్టు చార కనిపించింది. చారకు రెండువైపులా గీరిన గుర్తులు. రాయికి గోళ్లెక్కడివి? ఆ అనుమానం రావడంతోనే కాయల సంగతీ, యలమందయ్య సంగతీ మర్చిపోయింది. చార వెంట పడి కట్ట దాటి, చెరువులోకి దిగింది.

మడుగుకు పోయే దారిలో, పగిలిన నేల మీద దొరికింది ఆమె రాయి. మెడ చాచి, ముక్కు పైకెత్తి, ఎటు పోవాలో తెలియక చూస్తోంది. తాబేలు. వానకు తడిసి, చెరువు నిండిందనుకుని లేచి వచ్చింది. ఆమె వంగి చెయ్యి వేయగానే మెడ లోపలికి లాక్కుని మళ్లీ రాయి అయిపోయింది.

మల్లేశ్వరికి నవ్వొచ్చింది. "ఓసి నీ తెలివీ! మట్టిలో పడుకున్నావా ఇన్నాళ్లూ? తిండీ నీళ్లూ లేకుండానే?" అంటూ దాన్ని తిప్పి తిప్పి చూసింది. అంతలో ఆమె చూపు కల్లాల వైపు తిరిగింది. మిగతా మూలలు? యలమందయ్య పట్టా? ఊరంతా ఆ మడుగుమట్టే తోలుకుంది. ఈ ఏడు ఏ కల్లంలో చూసినా గుండ్రటి రాళ్లే.

తాబేలును కొంగులో చుట్టుకుని పరుగున వెనక్కి వచ్చింది. తన పట్టా మూలల్లో ఉన్నవాటిని ఒక్కొక్కటే నీళ్లలో ముంచి చూసింది. కదిలాయి. యలమందయ్య పగలబడి నవ్వాడు.

"రాళ్లకు తానాలు చేయిస్తున్నావా అమ్మాయ్? పిచ్చిగానీ పట్టిందా?"

ఆమె వెళ్లి అతని పట్టా మీదున్న ఒక రాయి మీద చెంబెడు నీళ్లు పోసింది. కాసేపటికి రాయి మెడ బయటపెట్టి అతన్ని తేరిపార చూసింది. యలమందయ్య నవ్వు ఆగిపోయింది. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"చెరువంతా మన పట్టాల మీద కూర్చుందటే?" అన్నాడు మెల్లగా.

ఎండ ఎక్కేలోపు ఇద్దరూ కల్లం కల్లం తిరిగి, తాబేళ్లను గంపల్లో ఎత్తుకుని మడుగు దగ్గరికి తెచ్చారు. అప్పటికే కోటేష్ ట్రాక్టరు అక్కడ ఆగి ఉంది. మడుగులో తవ్వకుండా మిగిలింది మల్లేశ్వరి వంతు ముక్క ఒక్కటే. చుట్టూ తవ్విన గుంతల్లో గట్టినేల తేలి ఉంది.

"వీటిని ఎక్కడ వదలాలత్తా?" అని అడిగాడు కోటేష్.

మల్లేశ్వరి ఆ నల్లటి మట్టిని చూసింది. ఆ మట్టి మీద ఆమెకు ఎంత ఆశ ఉందో కోటేష్‌కు తెలుసు.

"ఇక్కడే. నా వంతు తవ్వమాకు. ట్రక్కు తిప్పుకో."

"మరి నీ చేను?"

"అదీ పడుకుంటదిలే."

తాబేళ్లు వానకు తడిసిన మట్టిని కాళ్లతో తోసుకుంటూ ఒక్కొక్కటే లోపలికి దిగిపోయాయి. ఆమె మూలరాయి అన్నిటికంటే ఆఖర్న దిగింది.

"మళ్లీ వానొస్తే లేస్తయ్యిలే," అన్నాడు యలమందయ్య ఓదార్పుగా.

"నిన్నా లేచింది కదా బాబాయ్," అంది మల్లేశ్వరి, ఆ మట్టి మీంచి కళ్లు తీయకుండా. "ఏది తొలకరో, ఏది కాదో దానికెట్టా తెలుస్తది? పోయినేడు నాకే తెలవలా."