కెమెరా మొగ్గు

ఫోన్‌కి ఆ మెసేజ్ వచ్చినప్పుడు యాక్సిడెంట్ అయిందనే అనుకుంది బాలామణి. తమ వ్యాను ఫొటో, దాని కింద నంబరు. పోలీసులు ఫొటో తీశారంటే ఇంకేముంటుంది? కొట్లోని బియ్యం బస్తా మీద కూలబడింది.

భర్త రాజేంద్రప్రసాద్ ఫోన్ అందుకుని చూశాడు. "నీ కొడుక్కేం కాలేదు. అరవైలో పోవాల్సినచోట డెబ్బై రెండులో పోయాడు. ఎ.కొండూరు దారిలో కెమెరా పట్టుకుంది. వ్యాను నీ పేరున ఉంది కాబట్టి నీకొచ్చింది." గల్లాపెట్టె మూస్తూ గట్టిగానే అన్నాడు. "ఇంకొక్క మెసేజ్ వచ్చిందంటే తాళాలు తీసేసుకుంటా. డ్రైవర్ని పెడతా. వాడు కొట్లో కూర్చుని పొట్లాలు కట్టుకుంటాడు."

చుట్టుపక్కల ఊళ్ల కొట్లకి సరుకు వేసిరావడం అవినాష్‌కి ప్రాణం. పొట్లాలు కట్టమంటే అలిగి హైదరాబాద్ పోతాడు. అక్కడ ఏ తిండి తింటాడో, ఏ రోగం తెచ్చుకుంటాడో... బాలామణి ఆలోచన ఆస్పత్రి దాకా వెళ్లి వచ్చింది.

"భయపడకమ్మా," అన్నాడు అవినాష్. "అరవై దాటగానే పట్టుకోదు. కొంచెం వదులుద్ది."

"ఎంత వదులుద్ది?"

"ఐదుంటదేమో."

"'ఏమో' అని పోతావా?"

ఆ రోజు నుంచి ఆమెకి అదే ధ్యాస. పాత తక్కెడ రోజుల్లో మామగారు పప్పు తూచాక ఇంకో గుప్పెడు వేసి, పళ్లెం కొనేవాళ్ల వైపు వాలేలా చూసేవారు. దాన్ని మొగ్గు అనేవారు. మనిషి మొగ్గు చూపాడంటే అర్థం ఉంది. స్తంభం మీది కెమెరాకి ఏం మొహమాటం? అందరికీ ఒకేలా చూపుతుందా? వానలో ఎలా?

పంచదారకి వచ్చిన బస్సు డ్రైవర్ జోజిబాబుని అడిగింది.

"పది దాకా ఏం కాదండి," అన్నాడతను ధీమాగా.

"మీరు పోయి చూశారా?"

"నా బస్సు అంత స్పీడు ఎక్కడ పోద్దండీ! ఎవరో అనగా విన్నా."

మర్నాడు పొద్దున అవినాష్ టిఫిన్ తింటూ గోడ గడియారం వైపు చూశాడు. "ఇంకా పది నిమిషాలుందిలే," అని మరో దోసె వేయించుకున్నాడు. ఆ గడియారం పది నిమిషాలు ముందు నడుస్తుంది. పిల్లల చిన్నప్పుడు స్కూలు బస్సు తప్పిపోతుందేమోనని బాలామణే తిప్పి పెట్టింది. చేతిలో ఫోన్లున్నా ఇంటిల్లిపాదీ దాన్నే చూస్తారు. అవినాష్ చివరికి చెయ్యి కడిగీ కడక్కుండానే వ్యాను వైపు పరిగెత్తాడు.

కాసేపటికి కానిస్టేబుల్ జయకర్ వచ్చాడు. పక్క వీధివాడు, డ్యూటీకి వెళ్తూ వీళ్లింట్లో టీ తాగి పోతుంటాడు.

"ఒక్క మాట చెప్పు నాయనా. ఆ కెమెరా మొగ్గు ఎంత?"

అతను నవ్వాడు. "మిషన్ కూడా ఒక్కోసారి తప్పు చూపించొచ్చు కదా పిన్నిగారూ. దాని తప్పు మనిషి నెత్తిన పడకూడదని కొంత వదులుతారు."

"ఆ కొంత ఎంతని?"

"నాకు తెలియదు. తెలిసినా మీ అబ్బాయి కోసమైతే చెప్పను." అంటూ గోడవైపు చూసి ఉలిక్కిపడి లేచాడు. "అమ్మో, అప్పుడే తొమ్మిదా!"

"కంగారుపడకు. అది పది నిమిషాలు ముందుంటది."

"ముందే చెప్పరేం!" అని మళ్లీ కూర్చుని గ్లాసు చాచాడు. "అయితే ఇంకో టీ పోయండి."

బాలామణి పోస్తూ పోస్తూ అలాగే ఉండిపోయింది. చెప్పకపోతే వెళ్లిపోయేవాడే. చెప్పింది, కూర్చున్నాడు. ఇందాకటి దోసె కథా ఇదే. ఆపదకి ఉంటాయని తను దాచిన పది నిమిషాల్ని వాడు రోజూ దోసెతోపాటు తినేసి, ఆ లోటు రోడ్డు మీద పూడ్చుకుంటున్నాడు. ఐదో పదో తెలిసిందంటే దాన్నీ తినేస్తాడు. ఇక మిషన్ పొరపాటుకి మిగిలేదేంటి?

"పిన్నిగారూ, గ్లాసు నిండింది!"

సాయంత్రం అవినాష్ వచ్చీ రాగానే అడిగాడు. "జయకర్ అన్నని అడిగావంటగా. ఎంతంట?"

"చెప్పలేదు. నేనూ ఇక అడగను." బాలామణి స్టూలెక్కి గడియారం దించి, వాడి కళ్ల ముందే ముల్లు సరిచేసింది. "రేపట్నుంచి ఇందులో నువ్వు తినడానికేం లేదు."

"నీకు నిద్ర పడుతుందా మరి?"

"పట్టదు. ఇవాళ ఎంతలో పోయావు?"

వాడు తల గోక్కున్నాడు. "అరవై మూడు. అదీ కెమెరా దగ్గర ఒక్కచోటే."

"ఉండే కెమెరా ఒకటే కదరా!"

పొద్దున అలవాటుకొద్దీ "ఇంకోటి వేయనా?" అంది. వాడు గడియారం చూసి, "వద్దు, టైమైంది," అని లేచాడు. నెమ్మదిగా చెయ్యి తుడుచుకుని తాళాలు తీసుకున్నాడు.

ఎ.కొండూరు చేరాక ఫోన్ చేశాడు. "వచ్చేశానమ్మా. యాభై ఎనిమిది దాటలేదు. వెనక లారీవాడు హారన్ కొట్టి చంపాడనుకో."

"గుద్దలేదు కదా?"

గల్లాపెట్టె దగ్గర రాజేంద్రప్రసాద్ ఆ మాటలు వింటూనే ఉన్నాడు. "ఎందుకైనా మంచిదని ఓ డ్రైవర్ని రేపు రమ్మన్నాను. వద్దని చెప్పమంటావా?"

"చెప్పేయండి," అంది బాలామణి. అంది కానీ, మెసేజ్ ఒక్కోసారి ఆలస్యంగా కూడా వస్తుందని గుర్తొచ్చింది. ఫోన్ బోర్లా పెట్టి, నిన్నటి అరవై మూడుకి ఈ ఒక్కసారి మొగ్గు చూపమని ఆ స్తంభం మీది కెమెరాకి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.