అణకువ పాఠం

ఆ ఉద్యోగం వస్తే అతని భార్య ఆదివారం తప్ప మిగతా రోజులన్నీ వృద్ధాశ్రమంలోనే ఉండాలి. అప్పుడు మంచం పట్టిన అతని తల్లిని ఎవరు లేపాలి, ఎవరు కడగాలి? అతను ఆమెను ఆ మాట అడగలేదు. ఇంటర్వ్యూకి ఇంగ్లీషు నేర్పిస్తానన్నాడు. ముందుగదిలో పిల్లలకు ట్యూషన్లు చెప్పే మనిషే కదా అని ఆమె సంబరంగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మంచాన ఉన్నవాళ్లను ఒక్కదానివే లేపగలవా అని అడుగుతారు. ఏమంటావు?”

“ఐ కెన్.”

ఆ మాటలో ఎక్కడా జంకు లేదు. తెలుగులో ఆమె ‘చేయగలను’ అనడం అతను ఎప్పుడూ వినలేదు. చేసేసేది, అంతే.

“కెన్ అంటే చేయగలను, నిజమే. అనుమతి అడగడానికీ వాడతాం, అలా జరిగే వీలుందనడానికీ వాడతాం. కానీ మన గురించి మనమే చెప్పుకునేటప్పుడు మొహాన కొట్టినట్టుంటుంది. ‘ఐ మైట్’ అను. చేయగలనేమో అని. వాళ్లకి అణకువ నచ్చుతుంది.”

వ్యాకరణం తప్పేమీ లేదుగా అని అతని లోపల ఒక లాయరు లేచి వాదించాడు. ఆ లాయరు ఎప్పుడూ అతని పక్షమే.

లోపలి గదిలోంచి తల్లి కేకేసింది. “ఏమే కోడలా, వాడి పాఠం విన్నవాళ్లు పాసైన దాఖలా ఉందా? ఆ ఆశ్రమంవాళ్లను నన్నడగమను, నేను చెబుతా. బస్తా ఎత్తినట్టు ఎత్తుతుందని!”

“మీరు బస్తా అయితే నేను కూలీనా అత్తయ్యా?” అని నవ్విందే గానీ, గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ ‘ఐ మైట్’నే వల్లించింది.

మర్నాడు మధ్యాహ్నం ఇంటర్వ్యూకి వృద్ధాశ్రమం నుంచి ఫోన్ వచ్చింది. ఆమె స్పీకర్ పెట్టింది. అవతలి ఆవిడ నెమ్మదిగానే ఆ ప్రశ్న అడిగింది.

“ఐ మైట్.”

“అంటే? కచ్చితంగా చెప్పండమ్మా. మాకు ముఖ్యం అదే.”

ఆమె భర్త వైపు చూసింది. అతను పెదవి కదిపితే చాలు. కదపాలనే అనుకున్నాడు. తల్లి పక్కబట్టల వాసన ముక్కుకు తగిలింది. గోడ వైపు తిరిగాడు.

“ఐ మైట్, మేడం,” అంది ఆమె, మరింత అణకువగా.

అవసరమైతే కబురు చేస్తామని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

“మీరు చెప్పినట్టే అన్నాను కదండీ?”

“అన్నావు.”

“మరి ఆవిడ గొంతు అలా మారిందేం?” ఆమె అరచేతులు తిప్పి చూసుకుంది. “నిజమేలెండి. ఇన్నాళ్లూ అత్తయ్య ఒక్కరినే కదా లేపింది. వేరేవాళ్లనైతే పడేద్దునేమో.”

లోపలి నుంచి తల్లి పిలిచింది. ఆమె వెళ్లి మంచం మీదికి వంగింది. అత్తగారి భుజాల కింద చేతులు పెట్టి, ఎప్పుడూ లేనిది, ఆగిపోయింది.

“ఏమండీ, ఒకసారి ఇలా వచ్చి ఓ చెయ్యి వేస్తారా? నాకెందుకో భయమేస్తోంది.”

అతను గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయాడు. తల్లి కోడలి ముఖం చూసింది, తర్వాత కొడుకు ముఖం చూసింది. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు.

“రా నాయనా. పట్టుకో.”