రాజుగారి రాయి

రాజుగారు తడిగుడ్డను బూడిదలో అద్ది, మందిరం అరుగు మీది శాసనపు రాతి జిడ్డును తోముతున్నారు. నిన్న వచ్చిన రెండు బస్సుల జనం నుదుళ్ళ జిడ్డు అది. చెమట, తలనూనె, ముఖానికి పూసుకున్న క్రీములు అన్నీ కలిసి, రాయి నడుమ అరచెయ్యంత మేర నల్లగా పేరుకున్నాయి. గోటితో గీకితే మెత్తటి ముద్దగా వస్తోంది. అందులో ఒక పొడవాటి వెంట్రుక కూడా ఇరుక్కుని ఉంది. దాన్ని పట్టి లాగేసి, ఆయన వేళ్ళను బూడిదలో రుద్దుకున్నారు. రాతికి నుదురు ఆనించి కోరిక కోరుకోమని వాళ్ళకు చెప్పేది తానే గనక పైకి తిట్టడానికి వీల్లేదు.

ఆయన రాజూ కాదు, రాజుల ఇంటి పక్కన పుట్టినవాడూ కాదు. నలభై గడపల సముద్రపు ఊళ్ళో చేపల బుట్టల మధ్య పుట్టారు. గాలి, గుడ్డలు, తలగడ, చివరికి తాగే నీళ్ళు కూడా చేప కంపే. ఆ కంపు పడలేకనే ఇరవయ్యో ఏట ఒడ్డునున్న పాత మందిరంలో గైడుగా చేరారు. ఒడ్డున మందిరం, గుట్ట మీద పాడుబడ్డ మఠం, రెంటినీ చూపించడం పని. రాతిమీది లిపి ఆయనకు రాదు. అది రాణి కోసం రాజు ఏడ్చిన ఏడుపని ముందున్న గైడు చెప్పి పోయాడు. ఈయన దానికి తుఫానును, రాణి మునిగిన పడవను, సముద్రంలో పడిన ఉంగరాన్ని చేర్చారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. ముప్పై ఎనిమిదేళ్ళు అదే కథ చెప్పేసరికి ఊళ్ళోవాళ్ళు ఆయన్ని రాజుగారనీ, భార్యను రాణిగారనీ పిలవడం మొదలుపెట్టారు.

రాణిగారు చేపలు ఎండబెడుతుంది. పెళ్ళయిన నాటినుంచి ఆవిడ చేతి మంచినీళ్ళు ఆయన తాగలేదు. తనే కుండలో ముంచుకుంటారు, తన కంచం తనే కడుక్కుంటారు. అది తప్పని ఆయనకు తెలుసు. తెలిసినా, ఆవిడ చెయ్యి దగ్గరికి రాగానే ముక్కుపుటాలు వాటంతటవే మూసుకుపోతాయి.

ఈరోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. మందిరం ముందు కొత్త బోర్డు పెడతారట. దానికోసం శాసనాలు చదివే ఆవిడ పట్నం నుంచి వస్తోంది. బోర్డు మీదికి తన కథ ఎక్కితే చాలు, తను పోయినా అది ఉంటుంది. చేపల ఊళ్ళో పుట్టి చేపలు కాని పని ఒకటి చేశానని చెప్పుకోవచ్చు. రాత్రి నిద్ర పట్టక, బోర్డుకు సరిపోయేలా కథను ఆరు వాక్యాలకు కుదించి పెట్టుకున్నారు.

పది గంటలకు బస్సుతోపాటే ఆవిడా వచ్చింది. దిగినవాళ్ళు దిగినట్టే నారింజ తొక్కలు మెట్లమీద విసిరారు. ఒక తండ్రి పిల్లవాణ్ణి స్తంభం చాటున నిలబెట్టి ఉచ్చ పోయించాడు. రాజుగారు చూడనట్టు మొహం తిప్పుకున్నారు. ఆవిడ మెత్తటి కుంచెతో రాయిని తుడిచి, పక్కనుంచి టార్చి వేసి, పెదవులు కదుపుతూ చదివింది. జనం చుట్టూ మూగారు.

"రాజు పేరు ఎక్కడుందమ్మా?" అన్నారు రాజుగారు.

"రాజు లేడండీ." ఆవిడ వేలితో వరసలు చూపించింది. "'ఈ అరుగు మీద చేపలు ఎండబెట్టరాదు. ఎండబెట్టిన వారి చేపలు...' తర్వాతి మాట అరిగిపోయింది. కుక్కలకి వేస్తామనో, లాక్కుంటామనో ఉండాలి."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గొల్లున నవ్వారు. అంతకుముందే రాతికి నుదురు ఆనించి లేచిన లావుపాటి మనిషి జేబురుమాలు తీసి నుదురు గట్టిగా తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చూసి రాజుగారికి తన మీద తనకే రోత పుట్టింది.

"ఇంకోసారి చూడమ్మా. వెలుతురు చాల్లేదేమో."

"మూడుసార్లు చూశాను, పెద్దాయనా. ఉన్నది ఉన్నట్టే రాయాలి కదా."

తేలు కుట్టిన దొంగలా ఆయన బస్సు జనాన్ని గుట్ట ఎక్కించారు. మఠంలో గబ్బిలాల రెట్ట కంపు. ఎప్పుడూ చెప్పే మాటల్లో సగం మింగేశారు. దిగేటప్పుడు ఎడమ భుజం లాగింది. మెట్ల వల్ల అనుకున్నారు. బస్సు వెళ్ళిపోయాక మందిరం అరుగు మీద, రాతికి వీపు పెట్టి కూర్చున్నారు.

వార్త ఆయనకంటే ముందే ఊరు చేరింది. రాణిగారు పనిలోంచి లేచి, చేతులు కడుక్కోకుండానే, దుకాణంలో టీ పోయించుకుని వచ్చింది. గ్లాసు ఆయనకు కాస్త దూరంగా పెట్టి తనూ కూర్చుంది.

"నిజమేనా?"

"నిజమే. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ కంపుకే దణ్ణం పెట్టించాను."

ఆవిడ రాతి మీద ఒక వరస వెంట వేలు జరిపింది. "ఎండబెట్టొద్దని రాశారంటే, అప్పటికే ఎవతో ఎండబెడుతోందన్న మాటేగా."

ఆయన తల తిప్పి రాతివైపు చూశారు.

"నోటితో చెబితే విని ఉండదు. రాయి చెక్కించేదాకా తెచ్చిందంటే గట్టి పిండమే."

రాజుగారికి నవ్వొచ్చింది. పొద్దుటినుంచీ రాని నవ్వు, దగ్గుతో కలిసి వచ్చింది. "మునిగిపోయిన రాణికంటే నయమే," అన్నారు.

"ఎండ పోకముందే చేపలు తిరగెయ్యాలి. వచ్చేటప్పుడు గ్లాసు తెచ్చెయ్యండి," అని ఆవిడ లేచింది.

పొద్దు వాలినా ఆయన రాకపోయేసరికి ఆవిడే వచ్చింది. గడ్డం రొమ్ముకు వాలి ఉంది. నిద్రనుకుని పిలిచింది. తర్వాత ఆయన మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని ఎత్తింది. బుగ్గలు చల్లగా ఉన్నాయి. పెళ్ళయ్యాక ఆయన తన మొహాన్ని అంతసేపు పట్టుకోనివ్వడం అదే మొదటిసారి. ఏడుపు రావడానికి ఆవిడకు కొంత సమయం పట్టింది.

గ్లాసు అరుగు మీదే ఉంది. అంచుకు ఆవిడ వేలినుంచి అంటిన చేప పొలుసు ఒకటి మెరుస్తోంది. అడుగున చుక్క టీ కూడా లేదు.